మణికట్టు మీద మూడు వేళ్లు

మా అమ్మ సింగపూర్ ఎప్పుడు వచ్చినా పెట్టె తెరవగానే ముందు బయటపడేది గోంగూర పచ్చడి సీసా. నాకు మొదటిసారి నెల తప్పిందని తెలిసి వచ్చినప్పుడు మాత్రం పెట్టె జోలికే పోలేదు. హ్యాండ్‌బ్యాగులోంచి, జేబురుమాల్లో చుట్టిన అగ్గిపెట్టెంత డబ్బా తీసి నా చేతిలో పెట్టింది. కుంకుమ పువ్వు. "రోజూ రాత్రి పాలల్లో రెండు రేకలు వేసుకు తాగు. బిడ్డ పచ్చగా పుడుతుంది" అంది.

ఆ సాయంత్రమే ఎదురు ఫ్లాట్ ఆంటీ వచ్చారు. డెబ్బై దగ్గర పడుతున్న చైనీస్ ఆవిడ. నన్ను ఏనాడూ పేరు పెట్టి పిలవరు, "గర్ల్" అంటారు. చేతిలో ఎర్ర సంచి, అందులో పిట్ట గూడు. ఒక రకం పిట్ట తన ఉమ్మితో గుహల్లో కట్టుకునే గూడు అది. శుభ్రం చేసి పటికబెల్లంతో ఉడికించి తాగితే బిడ్డ తెల్లగా పుడుతుందట. ఒకరి భాష ఒకరికి రాకపోయినా ఈ ఒక్క ముక్క దగ్గర మా అమ్మా ఆవిడా ఇట్టే కలిసిపోయారు. మా అమ్మ ఉత్సాహంగా కుంకుమ పువ్వు డబ్బా మూత తీసి చూపించేదాకా ఆ స్నేహం బాగానే సాగింది.

ఆంటీ అందులోకి తొంగి చూసి, రెండడుగులు వెనక్కి వేసి, రెండు చేతులూ అడ్డంగా ఊపారు. "దిస్ వన్ కెనాట్, గర్ల్! కెనాట్!"

చైనీస్ మందుల లెక్కలో కుంకుమ పువ్వు రక్తాన్ని కదిలించే మందు. నెలసరి ఆగిపోయినవాళ్లకు, దెబ్బ తగిలి రక్తం గడ్డకట్టినవాళ్లకు ఇచ్చేది. కడుపుతో ఉన్నవాళ్ల విషయంలో జాగ్రత్త అని చైనా ప్రభుత్వం అచ్చేసే ఔషధ గ్రంథంలోనే రాసి ఉంటుంది. నేను దాన్ని మా అమ్మకు తెలుగులో చెప్పేసరికి ఆవిడ మొహం చూడాలి. "మా అమ్మ నాకు పోసింది. నువ్వు పుట్టలేదూ?"

మన పెద్దలు ఊరికే చెప్పరు అనే మాట మీద నాకున్న నమ్మకం ఆ సాయంత్రం సగానికి సగం పోయింది. ఇటు చూసినా పెద్దలే, అటు చూసినా పెద్దలే. ఇద్దరిదీ వందల ఏళ్ల అనుభవమే. ఒకరు రోజూ తాగమన్నదాన్ని ఇంకొకరు ముట్టుకోవద్దంటున్నారు. (వంటలో వేసుకునే ఆ రెండు రేకలకు భయపడక్కర్లేదని, బిడ్డ రంగు మీదీ మీ ఆయనదీ కలిపి వస్తుందని మా డాక్టర్ నవ్వేశారు. పిట్ట గూడు గురించి అడగడానికి నాకు మొహం చెల్లలేదు.)

నేను డాక్టర్ని కాను, బ్యాంకులో లెక్కలు చూసుకునేదాన్ని. కానీ రెండు కాన్పులూ సింగపూర్‌లోనే అయ్యాయి కాబట్టి, కడుపుతో ఉన్న రోజుల్లో చైనీస్ వైద్యాన్ని చాలా దగ్గరగా చూశాను. కొంత వాడాను, కొంత డబ్బు దండగ చేసుకున్నాను, ఒకసారి భయపడ్డాను. తెలుగు అమ్మాయిలు చాలామంది ఇక్కడికి కొత్తగా కాపురానికి వచ్చి, వేవిళ్లతో అల్లాడుతూ, కింద కొట్లో చెక్క సొరుగుల నుంచి వచ్చే ఆ వాసన వైపు ఆశగా చూస్తుంటారు. వాళ్లకు నేను చెప్పేది ఒక్కటే: ఒంటి మీద చేసేదాన్నీ ఒంట్లోకి పోసేదాన్నీ ఒకే గాటన కట్టొద్దు. చైనీస్ వైద్యం మంచిదా చెడ్డదా అని వాదించుకోవడం వల్ల కడుపుతో ఉన్న మనిషికి ఒరిగేదేమీ లేదు.

నాకు వేవిళ్లు ఆరో వారంలో మొదలయ్యాయి. పొద్దున మాత్రమే వస్తాయని ఎవరన్నారో గానీ, నాకు పొద్దు అనేదే లేకుండా పోయింది. ఎమ్మార్టీ (ఇక్కడి మెట్రో రైలు) ఎక్కితే పక్కవాళ్ల తలనూనె వాసన, ఆఫీసులో కాఫీ మెషీన్, ఇంట్లో అన్నం ఉడికే వాసన. ఉప్పు అద్దిన నిమ్మచెక్క ముక్కు దగ్గర పెట్టుకుని బతికాను. ఆస్పత్రిలో ఏడు నిమిషాల అపాయింట్‌మెంటు. "నార్మల్. పన్నెండు వారాలు దాటితే తగ్గుతుంది" అన్నారు. ఆ మాట నిజమే. కానీ ఆరో వారంలో ఉన్నదానికి పన్నెండో వారం ఎంత దూరమో చెప్పినవాళ్లకు తెలియదు.

ఆంటీ నన్ను సిన్‌సే దగ్గరికి తీసుకెళ్లారు. ఇక్కడ చైనీస్ వైద్యుణ్ని అలాగే పిలుస్తారు. వీధికొకరు బోర్డు పెట్టుకుని కూర్చోవడానికి లేదు, 2000లో చేసిన చట్టం ప్రకారం రిజిస్టర్ అయి ఉండాలి. పెద్దాయన. అరగంట కూర్చోబెట్టారు. వాంతి పుల్లగా వస్తోందా, చేదుగానా, ఉత్త నీళ్లలాగానా? తాగడానికి చల్లనివి కావాలనిపిస్తోందా, వేడివా? నిద్రెలా ఉంది? కోపం ఎక్కువగా వస్తోందా? నాలుక చాపు. రెండు చేతులకూ నాడి పట్టి చూశారు. నా వికారం గురించి అన్ని ప్రశ్నలు అప్పటిదాకా నన్ను ఎవరూ అడగలేదు. మా ఆయన కూడా.

వాళ్ల లెక్క ఇది. నెలసరి ఆగింది కాబట్టి ఆ రక్తం బిడ్డ కోసం పోగవుతుంది, ఆ ఒత్తిడికి లోపలి "చీ" (వాళ్ల లెక్కలో ఒంట్లో తిరిగే ప్రాణశక్తి) పైకి తన్నుకొస్తుంది, కిందికి దిగాల్సిన కడుపులోని చీ ఎదురు తిరుగుతుంది. పుల్లగా, చేదుగా వస్తే కాలేయంలో వేడి. నీళ్లలా వస్తే కడుపు బలహీనం. జిగటగా వస్తే కఫం. మన వాత పిత్త కఫాలు వింటూ పెరిగినవాళ్లకు ఇదేమీ పరాయి భాషలా అనిపించదు. సింగపూర్‌లో తిండి గురించి మాట్లాడేటప్పుడు ఇంగ్లీషులోనే "హీటీ", "కూలింగ్" అంటారు. అచ్చం మన "వేడి చేస్తుంది", "చలవ చేస్తుంది". పట్టికలు మాత్రం కలవవు. మనవాళ్లు బొప్పాయి, నువ్వులు వేడి అని కడుపుతో ఉన్నవాళ్లను దూరం పెట్టమంటారు. వాళ్లు పీత చలవ, వద్దంటారు. మనకు గ్రహణం చూస్తే గ్రహణం మొర్రి. వాళ్లకు కుందేలు మాంసం తింటే బిడ్డకు కుందేలు పెదవి.

నాడి సంగతి కూడా చెప్పేస్తాను. పళ్లెంలో ముత్యాలు దొర్లినట్టు కొట్టుకునే నాడిని బట్టి గర్భం తెలుస్తుందని వాళ్ల నమ్మకం. 2014లో బీజింగ్‌లో ఒక ఆధునిక వైద్యుడు, నాడి మాత్రమే చూసి ఎవరు గర్భవతో నూటికి ఎనభై సార్లు సరిగ్గా చెబితే యాభై వేల యువాన్లు ఇస్తానని పందెం వేశాడు. ఇంకొందరు కలిసి ఆ సొమ్ము లక్ష దాటించారు. ఒప్పుకుని ముందుకొచ్చిన చైనీస్ వైద్యుడు చివరికి వెనక్కి తగ్గాడు. మా సిన్‌సేకు నేనే ముందు చెప్పేశాను కాబట్టి ఆయనకు ఆ ఇబ్బంది రాలేదు.

సిద్ధాంతం నేను నమ్మలేదు. వికారానికి కారణాల్లో పెద్దది జీడీఎఫ్15 అనే హార్మోన్ అని 2023 డిసెంబర్‌లో నేచర్ పత్రికలో వచ్చింది. బిడ్డ వైపు నుంచి అది ఎంత వస్తోంది, గర్భానికి ముందు తల్లి ఒంటికి అది ఎంత అలవాటు అన్నదాన్ని బట్టి వేవిళ్ల తీవ్రత ఉంటుందట. అయితే సిద్ధాంతం తప్పయినంత మాత్రాన ఆ ప్రశ్నలు దండగ అనలేను. బయటికొచ్చేసరికి సగం భారం దిగింది. ఈ వైద్యంలో ప్రతి ఇబ్బందికీ ఒక పేరుంది. చైనీస్‌లో "జి" అంటే బిడ్డ. గర్భిణికి కాళ్లు వాస్తే బిడ్డ వాపు, దగ్గొస్తే బిడ్డ దగ్గు, చిరాకు పడితే బిడ్డ చిరాకు, తల తిరిగితే బిడ్డ తిరుగుడు. ఏడు నిమిషాల గదిలో వీటన్నిటికీ కలిపి ఒకటే పేరు, నార్మల్. మందుల కొట్టు ముందు జనం ఎందుకు ఆగుతారో నాకు అక్కడ అర్థమైంది.

సిన్‌సే నాకు మందివ్వలేదు. నా చెయ్యి తిప్పి, మణికట్టు మడత మీద నా మూడు వేళ్లే అడ్డంగా పెట్టించి, ఆ మూడో వేలి అంచున, రెండు నరాల తాళ్ల మధ్య ఉన్న గుంటలో బొటనవేలితో నొక్కి చూపించారు. నెయ్‌గ్వాన్. లోపలి ద్వారం అని అర్థం. ఎవరి వేళ్లతో వాళ్లే కొలవాలి, ఎందుకంటే ఎవరి ఒళ్లు వాళ్ల కొలత. మనం జానెడు, బెత్తెడు అన్నట్టే. రెండు చేతులకూ రెండేసి నిమిషాలు, రోజుకు నాలుగైదు సార్లు.

పని చేసిందా? ఇక్కడే లెక్కల మనిషిగా నా తంటా. నొక్కుతున్నంతసేపూ వికారం కాస్త వెనక్కి తగ్గినట్టుండేది. ఎమ్మార్టీలో నాలుగు స్టేషన్లు దాటడానికి ఆ కాస్త చాలు. కానీ అది ద్వారం తెరుచుకోవడం వల్లా, మనసు వేరే పనిలో పడటం వల్లా? ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో 593 మంది గర్భిణుల మీద చేసిన పరీక్ష 2002లో అచ్చయింది. పద్ధతి ప్రకారం సూదులు (ఆక్యుపంక్చర్) వేయించుకున్నవాళ్లకు మొదటి వారం నుంచే వికారం తగ్గింది. నెయ్‌గ్వాన్ ఒక్కచోటే వేయించుకున్నవాళ్లకు రెండో వారం నుంచి. పనికిరాని చోట ఉత్తుత్తి సూదులు పెట్టించుకున్నవాళ్లకు కూడా మూడో వారం నుంచి తగ్గింది. అంటే సూదిదెంత, పట్టించుకున్న మనిషిదెంత అని విడదీయడం కష్టం. 2023లో చైనాలోని 13 ఆస్పత్రుల్లో 352 మంది మీద చేసిన పరీక్ష ఇంకాస్త కట్టుదిట్టమైనది. తీవ్రతను 3 నుంచి 15 దాకా కొలిచే కొలతలో అసలు సూదులకూ ఉత్తుత్తి సూదులకూ తేడా 0.7. డాక్సిలమిన్, బి6 విటమిన్ కలిసిన మామూలు వాంతుల మాత్రకు 1.0. రెండూ కలిపితే 1.6. ముప్పావు మార్కు కూడా రాని వైద్యాన్ని అద్భుతం అనలేం. అలాగని సున్నా అనీ అనలేం. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గర్భిణుల సంరక్షణ మీద ఇచ్చిన సిఫారసుల్లో తొలినాళ్ల వికారానికి అల్లం, చామంతి జాతి కామోమిల్, బి6, ఆక్యుపంక్చర్ నాలుగూ ఉన్నాయి, ఆమె ఇష్టాన్ని బట్టి వాడుకోవచ్చని. నడుము నొప్పికి కూడా వ్యాయామం, ఫిజియోథెరపీ, బెల్టుతో పాటు ఆక్యుపంక్చర్ పేరుంది.

మణికట్టు మీద వేలు పెట్టి నొక్కుకుంటే పోయేదేమీ లేదు. పని చేయకపోతే రెండు నిమిషాలు పోతాయి. నా వాదనంతా ఈ పోయేదేమీ లేదు అనే మాట మీదే నిలబడి ఉంది. ఒక్క షరతు. మంచినీళ్లు కూడా కడుపులో నిలవకపోతే, మూత్రం ముదురు రంగులోకి మారి తగ్గిపోతే, బరువు దిగిపోతుంటే వేలు తీసేసి ఆస్పత్రికి పోవాలి. అది వేవిళ్లు దాటిన సంగతి, సెలైన్ ఎక్కించాల్సిన సంగతి.

అల్లం దగ్గర మాత్రం తగువు లేదు. మా అమ్మ అల్లం మురబ్బా, ఆంటీ అల్లం టీ ఒకే గ్యాస్ పొయ్యి మీద తయారయ్యాయి. పచ్చి అల్లం ఒక మందు, శొంఠి ఇంకో మందు అని వాళ్లు కూడా మనలాగే విడదీస్తారు. హాన్ రాజుల కాలం చివర, దాదాపు 1800 ఏళ్ల కిందట, జాంగ్ జోంగ్‌జింగ్ అనే వైద్యుడు గర్భిణుల జబ్బులకు ఒక అధ్యాయమే కేటాయించాడు. ఆగని వాంతులకు ఆయన చెప్పిన మాత్రలో శొంఠి, జిన్సెంగ్, బాన్‌షియా అనే దుంప ఉంటాయి. ఈ బాన్‌షియా పచ్చిది విషం. గొంతు మండిపోతుంది. అల్లంతో, పటికతో శుద్ధి చేసి గానీ వాడరు. మన కంద దురద గుర్తొచ్చింది, దానికి వంద రెట్లు. చిత్రమేమిటంటే, తర్వాతి కాలం చైనా వైద్యులే గర్భిణులకు కూడని మందుల పట్టికల్లో ఈ దుంపను చేర్చారు. ఒకే సంప్రదాయంలో ఒక పెద్దాయన వాంతులకు ఇదే మందన్నాడు, ఇంకో పెద్దాయన ముట్టుకోవద్దన్నాడు. చైనీస్ వైద్యం అంటూ ఒకే గొంతుతో మాట్లాడేది ఏదీ లేదు. మన అమ్మమ్మలూ నానమ్మలూ ఏకమై మాట్లాడారా ఏమిటి?

ఇప్పుడు నేను భయపడిన సంగతి. నాలుగో నెలలో నడుము పట్టేసింది. ఆఫీసు దగ్గర మాల్‌లో గర్భిణులకు ప్రత్యేకం అని పెద్ద అక్షరాలతో రాసి ఉన్న ఒక వెల్‌నెస్ సెంటర్‌కు వెళ్లాను. పేరెందుకులెండి. మసాజ్ చేస్తున్న అమ్మాయి నా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ మీద గట్టిగా నొక్కడం మొదలెట్టింది. తలనొప్పి ఉందన్నాను కదా, దానికట. వచ్చేటప్పుడు గర్భాన్ని నిలబెట్టే టీ అని పది ప్యాకెట్లు అంటగట్టారు. ఎన్నో నెల అని అడగలేదు. ఇంకేం మందులు వాడుతున్నానో అడగలేదు. ఇంటికొచ్చి ఆంటీకి చూపిస్తే ముందు ఆ చెయ్యి సంగతి విని ఆవిడ కుర్చీలో కూలబడ్డారు.

ఆ చోటును హగూ అంటారు. కడుపుతో ఉన్నవాళ్లకు అక్కడ సూది వేయకూడదు, నొక్కకూడదు అని వాళ్ల సంప్రదాయంలో గట్టి నిషేధం. ఇంకోటి చీలమండ పైన నాలుగు వేళ్ల ఎత్తున ఉండే సాన్‌యిన్‌జియావ్. దీని వెనక ఐదో శతాబ్దం నాటి భయంకరమైన కథ ఉంది. దక్షిణ చైనాలో ఒక యువరాజు, వైద్యం తెలుసునని అతనికి గర్వం, దారిలో కనిపించిన గర్భిణిని చూసి కడుపులో ఆడపిల్ల అన్నాడు. వెంట ఉన్న షూ వెన్‌బో అనే వైద్యుడు కాదు, ఆడొకటి మగొకటి కవలలు అన్నాడు. ఎవరిది నిజమో తేల్చడానికి యువరాజు ఆమె కడుపు కోయించబోయాడు. ఆమెను కాపాడటానికి వైద్యుడు సూదులతోనే గర్భం దించేశాడు. ఆయన చెప్పినట్టే కవలలు. నిషేధానికి మూలం ఆ కథ. కథ పాత గ్రంథాల్లో ఉంది గానీ జరిగిందో లేదో ఎవరు చూడొచ్చారు? ఈ మధ్య పరిశోధనలను కలిపి చూసినవాళ్లు ఆ చోట్ల సూదులు వేసినందువల్ల గర్భాలు పోయినట్టు ఆధారం లేదన్నారు. నాకూ ఏమీ కాలేదు. కానీ నా కోపం వేరే. ఆ వైద్యం పేరు చెప్పుకుని సొమ్ము చేసుకునేవాళ్లకు ఆ వైద్యం పెట్టుకున్న మొదటి నియమమే తెలియదు.

టీ ప్యాకెట్ల సంగతి ఇంకా ముఖ్యం. మా బ్లాక్ కింద మందుల కొట్టు ముసలాయనకు చూపించాను. గోడంతా చెక్క సొరుగులు, చేతిలో పుల్లంత త్రాసు, ఆకులు కొలిచి కాగితంలో పొట్లం కట్టి, మూడు గిన్నెల నీళ్లు ఒక గిన్నె అయ్యేదాకా మరిగించమని చెప్పే పాతకాలం మనిషి. ప్యాకెట్ చించి వేలితో కెలికి ఒక్కొక్కటీ పేరు చెప్పారు. పదమూడు దినుసుల పాత యోగం అది. తైవాన్‌లో, హాంకాంగ్‌లో, మలేసియాలో గర్భిణులు తాగడం మామూలే. ఏడో నెల దాటాక కొందరు తాగుతారు, నువ్వు నాలుగో నెలలో ఎందుకు కొన్నావు, ఎవరు రాసిచ్చారు అని అడిగారు. ఎవరూ రాసివ్వలేదు అన్నాను. ప్యాకెట్ మళ్లీ మూసేసి నా వైపు తోసి, నేనైతే అమ్మను అన్నారు. ఆ పక్కనే నేను పనిలో పనిగా నోటిపుళ్లకు హ్వాంగ్‌లియన్ అడిగితే అసలు సొరుగే తెరవలేదు.

హ్వాంగ్‌లియన్ అంటే పసుపుపచ్చటి చేదు వేరు. బిడ్డ ఒంట్లో పుట్టుకతో ఉండే వేడి విషం పోతుందని తల్లులకూ పురిటి బిడ్డలకూ పట్టించేవాళ్లు. అందులోని బెర్బెరిన్ అనే పదార్థం వల్ల, ముఖ్యంగా జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్న బిడ్డలకు, కామెర్లు ముదిరి మెదడు దెబ్బతింటోందన్న అనుమానంతో సింగపూర్ 1978లో దాన్ని నిషేధించింది. తర్వాతెప్పుడో నిషేధం ఎత్తేసింది గానీ ఆ కాలం మనుషులకు ఆ భయం పోలేదు. తైవాన్‌లో 1984 నుంచి 1987 మధ్య పుట్టిన 14,551 మంది బిడ్డల వివరాలు తిరగేస్తే, మొదటి మూడు నెలల్లో హ్వాంగ్‌లియన్ వాడిన తల్లుల బిడ్డల్లో నరాల వ్యవస్థ లోపాలు, నేను కొన్న టీ లాంటి అన్‌తాయ్‌యిన్ తాగిన తల్లుల బిడ్డల్లో ఎముకలు, కండరాలు, కళ్ల లోపాలు ఎక్కువగా కనిపించాయని 2006లో అచ్చయింది. ఒక్క అధ్యయనంతో అదే కారణమని తేలదు. ఒంట్లో బాగాలేకే ఆ మందులు తాగి ఉండొచ్చు. కానీ ఉత్త నోటిపుళ్ల కోసం ఆ అనుమానాన్ని మోయడం ఎందుకు?

అందరూ నమ్మే దినుసు ఇంకొకటి ఆ ప్యాకెట్లో ఉంది. అతిమధురం. దగ్గొస్తే మనమూ బుగ్గన పెట్టుకునేదే. చైనీస్ కషాయాల్లో సగానికి పైగా ఇది ఉంటుంది, రుచికీ మిగతా మందుల దూకుడు తగ్గించడానికీ. ఫిన్లాండ్‌లో దీన్ని మిఠాయిగా తింటారు. గర్భంతో ఉన్నప్పుడు బాగా ఎక్కువగా తిన్న తల్లుల పిల్లలను హెల్సింకిలో పన్నెండేళ్ల వయసు దాకా గమనిస్తే, తెలివితేటల పరీక్షల్లో తక్కువ మార్కులు వచ్చాయి. అక్కడి ప్రభుత్వం గర్భిణులు తినకూడని వాటిలో దాన్ని చేర్చింది. రోజూ రెండు పూటలా తాగే కషాయంలో అది ఎంత ఉందో ప్యాకెట్ మీద రాయకపోతే నాకెలా తెలుస్తుంది?

మరి ఇంగ్లీషు మందులు అమృతమా అని మా తమ్ముడు అడిగాడు. కాదు. వేవిళ్లకని అమ్మిన థాలిడోమైడ్ వల్ల 1961లో అది ఆపేసేలోపు పది వేలకు పైగా బిడ్డలు చేతులూ కాళ్లూ సరిగా లేకుండా పుట్టారు. సరిగ్గా అందుకే ఇవాళ ఏ మాత్రనైనా నాలుగు ప్రశ్నలు అడుగుతున్నాం. ఎంత, ఎన్నో నెలలో, ఎంతమందికి ఇచ్చి చూశారు, పుట్టిన పిల్లలు ఎలా ఉన్నారు? ఆ నాలుగు ప్రశ్నలే కషాయాన్ని కూడా అడగమంటున్నాను. ఆకు కాబట్టి, పాతది కాబట్టి అడగనక్కర్లేదంటే మాత్రం ఒప్పుకోను. ఆ వైద్యం పుస్తకాల్లో బాగా పాతదైన హ్వాంగ్‌డీ నెయ్‌జింగ్ కూడా ఒప్పుకోదు. గర్భిణికి ఘాటు మందు ఇవ్వొచ్చా అని చక్రవర్తి అడిగితే, జబ్బు నిజంగా ఉంటే ఇవ్వొచ్చు గానీ సగానికి పైగా తగ్గగానే ఆపేయాలి, మించితే ప్రాణం తీస్తుంది అని వైద్యుడు జవాబు చెబుతాడు. జబ్బు లేని మనిషికి పది ప్యాకెట్లు అమ్మమని అందులో లేదు.

ఆరో నెలలో కాళ్లు వాచాయి. ఆంటీ బూడిద గుమ్మడికాయ సూప్ చేసి తెచ్చారు. దాని తొక్క నీరు లాగేస్తుందట. గుమ్మానికి దిష్టికి కట్టే కాయను తాగిస్తున్నారేమిటే అని మా అమ్మ ఫోన్లో గొణిగింది. సూప్ బాగుంది, మిరియాలు పడితే ఇంకా బాగుండేది. అయితే వాపు విషయంలో నేను ఏ ఆంటీ మాటా వినలేదు. తల పగిలేలా నొప్పి, కళ్లు మసకలు, మొహం వాపు తోడైతే అది బీపీ కావచ్చు. పాత చైనా వైద్యులు బిడ్డ వాపు, బిడ్డ తిరుగుడు, బిడ్డ మూర్ఛ అని వరుసగా చెప్పినవి ఆ మెట్లే అయి ఉంటాయి. మన పల్లెల్లో గుర్రపు వాతం అన్నది ఆ ఆఖరి మెట్టునే. వాళ్లు చూశారు, పేరు పెట్టారు, కానీ ఆపలేకపోయారు. బీపీ మిషన్ పట్టీ చేతికి చుట్టి గాలి కొడితే అర నిమిషంలో తెలిసేది వాళ్లకు అందలేదు.

రెండో కాన్పులో ఇంకో కథ. 33వ వారం స్కాన్‌లో బిడ్డ ఎదురుకాళ్లతో ఉంది, ఇంగ్లీషులో బ్రీచ్ అంటారు. ఆంటీ కళ్లు మెరిశాయి. దీనికి వాళ్ల దగ్గర ఉన్న వైద్యం నిజంగా చిత్రమైనది. కాలి చిటికెన వేలి గోరు బయటి మూల దగ్గర, తగలకుండా, ఎండిన ఒక ఆకుతో చేసిన చుట్టను వెలిగించి సెగ చూపిస్తారు. రోజూ పదిహేను ఇరవై నిమిషాలు. కాలి చిటికెన వేలికి సెగ పెడితే కడుపులో బిడ్డ పల్టీ కొడుతుందట. నవ్వొచ్చింది. కానీ 1998లో అమెరికా వైద్య సంఘం పత్రిక జామాలో, చైనాలోని జియాంగ్షీ రాష్ట్రంలో 260 మంది తొలిచూలు గర్భిణుల మీద చేసిన పరీక్ష వచ్చింది. సెగ పెట్టిన 130 మందిలో 98 మంది బిడ్డలు 35వ వారానికి తలకిందులయ్యారు. పెట్టని 130 మందిలో 62 మంది. చిన్న తేడా కాదు. అదే పరిశోధకుడు ఇటలీలో మళ్లీ చేస్తే తేడా కనిపించలేదు. పొగా వాసనా భరించలేక చాలామంది మధ్యలో మానేశారు.

లెక్కల మనిషిని కాబట్టి నా చూపు ఆ 62 మీద ఆగింది. ఏమీ చేయకపోయినా సగం మంది దాకా తిరుగుతున్నారు. అయినా ఒంటి మీద చేసేదే కదా, డాక్టర్‌ను అడిగాను. కాలు కాల్చుకోకండి, కిటికీ తెరిచి పెట్టుకోండి, స్కాన్‌కు మాత్రం రండి అన్నారు. కింద ముసలాయన దగ్గర ఒక పెట్టె చుట్టలు కొన్నాను. అగరొత్తి కట్టంత లావు. శనివారం నుంచి మొదలుపెడదామని మా ఆయనతో అనుకున్నాం. గురువారం స్కాన్‌కు వెళ్తే బిడ్డ అప్పటికే తిరిగి తల కిందికి పెట్టుకుని ఉంది.

ఆ ముందు వారమే వెలిగించి ఉంటే ఇవాళ ఈ వ్యాసం వేరేలా ఉండేది. మా పెద్దది మీద ఒట్టేసి చెబుతున్నాను, నా చిటికెన వేలి మీద సెగ పెట్టగానే కడుపులో బొంగరంలా తిరిగిందని రాసేదాన్ని. మీరూ నమ్మేవాళ్లు. అనుభవం అబద్ధం చెప్పదు అంటారు గానీ, నాది చెప్పబోయి తృటిలో ఆగింది.

చుట్టల పెట్టె అలాగే అలమారలో ఉండిపోయింది. పది రోజులకు వినాయక చవితి. కాన్పుకని అమ్మ అప్పటికే వచ్చింది. టెక్కా మార్కెట్‌లో తెచ్చిన పత్రి కట్ట విప్పి ఒక్కొక్కటీ వేరు చేస్తూ, మాచిపత్రి లేదే, మొదటిదే లేదు అని కూర్చుంది. నేను కదల్లేని బరువుతో కుర్చీలో కూర్చుని ఉన్నాను. అలమారలోంచి ఆ వాసన నాకు గుర్తొచ్చింది. మాచిపత్రీ, ఆ చుట్టల్లోని ఆకూ ఒకే జాతివి. అచ్చం అదే మొక్క కాదు గానీ అక్కచెల్లెళ్లు. చెప్పాను. అమ్మ చుట్టను ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, కాగితం చించి, లోపలి దూది లాంటి పొడిని పళ్లెంలో విదిలించి, పసుపు కొమ్ము పక్కన పెట్టింది. సుముఖాయ నమః, మాచీపత్రం పూజయామి.

ఉండ్రాళ్లు తీసుకోవడానికి వచ్చిన ఆంటీ పళ్లెం చూసి చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత నా వైపు వంగి మెల్లగా అడిగారు, "గర్ల్, యువర్ గాడ్ ఆల్సో బ్రీచ్ ఆ?"